మా బీరువా మీది పంచాయతీ

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా అవ్వ చుట్టాలందరికీ ముందే చెప్పి ఉంచేది. కాబట్టి ఆ పాత కంప్యూటర్ వేడికి మా ఇంట్లో అప్పడాలు కాల్చుకునేవాళ్లమంటే నమ్మకండి. అది నస్పూర్‌లో మా బీరువా మీద ఉండేదన్నది మాత్రం నిజం. నలుగురూ ఒకేసారి ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునే వెబ్ యాప్ ఒకటి అందులో నడిచేది. ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్లు కోడ్ రాసి, వాడుకోండి, మార్చుకోండి అని లోకం మీదికి వదిలేశారు. నేను పట్టుకొచ్చి ఇంట్లో కట్టేసుకున్నాను. నేను పంపిన లింకు నొక్కితే ఎంతటివాళ్లయినా మా బీరువా మీదికి వచ్చి కూర్చోవలసిందే.

దాంతో అవసరం మా అక్క బిడ్డ వల్ల వచ్చింది. అక్క పోయాక ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. పెళ్లయిన కొత్తలోనే మొగుడు గల్ఫ్‌కు పోయాడు. పోయాక మాట్లాడటం మానేశాడు. మామూలు యాప్‌లలో వీడియో కాల్ అక్కడ నడవనివ్వరని వంక. అత్తగారు పెద్దపల్లిలో తలుపు తీయలేదు, పిల్ల మళ్లీ మా ఇల్లు చేరింది.

"ఉంచుకుంటనన్నా సరే, ఇడిచిపెడతనన్నా సరే మామా. ఆయన నోటితోని ఒక్క మాట చెప్పాలె," అనేది. వేరే ఏదీ అడగలేదు.

వంక మిగలకుండా నేను యాప్ నిలబెట్టాను. ధర్మపురిలో ఉండే కులపెద్దలు, పెద్దపల్లిలో అత్తగారు, గల్ఫ్‌లో అల్లుడు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

ఆ యాప్‌కొక గుణం ఉంది. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల ముఖం తెరంతా పరుచుకుంటుంది, మిగతావాళ్లు తపాలా బిళ్లలంత అయిపోతారు. పెద్దమనుషులు ఆ కిటుకు వెంటనే కనిపెట్టారు. దగ్గినా పెద్దవుతామని తెలిసి దగ్గడం మొదలుపెట్టారు. అత్తగారు ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టింది. ఎవరి దొడ్లోనో కోడి కూసి కాసేపు పంచాయతీకే పెద్ద అయింది. ఆ పూట తెలివైన మాట అదొక్కటే మాట్లాడిందని ఇప్పటికీ చెబుతుంటాను. మా పిల్లది సన్నని గొంతు. నోరు తెరిచేలోపే ఇంకెవరో అరిచేవారు.

"కోడలికి నోరే లేదాయె. సంసారమెట్ల చేస్తది?" అన్నాడు ఒక పెద్దమనిషి.

ఫోన్లు పెట్టేశాక ఆ పిల్ల నన్నడిగింది: "రొమ్ము బాదుకుంటెనే దాంట్ల కనబడుతనా మామా?"

రెండోసారి పంచాయతీ కూర్చోవడానికి ముందు నేను కోడ్ తెరిచాను. ఎక్కువ చప్పుడు చేసినవాళ్లను పెద్దగా చూపు అని ఉన్నచోట, తక్కువ చేసినవాళ్లను అని మార్చాను. కంపెనీవాళ్ల యాప్ అయితే వాళ్లను బతిమాలుకోవాలి. మా బీరువా మీది దేవుడికి నేనే పూజారిని. ఎవరికీ చెప్పలేదు. చెబితే నాకు సరదా ఏముంది?

అరిచేకొద్దీ తాము చిన్నవుతున్నామని పెద్దమనుషులకు అర్థం కాలేదు, ఇంకా గట్టిగా అరిచారు. మా పిల్ల కూడా తన మాట చెప్పుకోబోయింది. అసలు నోరెత్తనివాడు అల్లుడొక్కడే. మాట్లాడకపోతే ఎవరికీ కనపడననుకున్నాడు. బనీనుతో మంచం మీద కూర్చుని, ఒళ్లో కంచం పెట్టుకుని, అందరి ఫోన్లలోనూ తెరంత అయ్యాడు.

"నా కొడుకు గా ఎడారిల తిండి మానుకొని ఎండిపోతుండు పెద్దయ్యా, గీ పిల్ల ఫికర్‌తోని," అని అత్తగారు ఎక్కడో మూలన చిన్న బిళ్లలో ఏడుస్తోంది. కొడుకు కోడి బొక్క చప్పరిస్తున్నాడు. నడుమనడుమ పక్కనున్న ఇంకో ఫోన్ చూసి నవ్వుతున్నాడు.

"మంచిగనే తింటుండు గద," అన్నాడొక పెద్దమనిషి.

"తింటె తిన్నడు తియ్యి. బుక్క నోట్లుండంగ గూడ పంచాయతీకచ్చిండంటె గుణమున్నట్టే," అన్నాడు ఇంకొకాయన. "ఏం పిలగా, పిల్లను ఏలుకుంటవా లేదా? జర నోరిప్పు."

అతను నోరిప్పలేదు. తల్లి అందుకుంది: "వాడేమంటడు, మీరెట్లంటె గట్లనే."

ఇక పెద్దలు తమలో తాము వాదులాడుకున్నారు. మాట్లాడనివాళ్లు ఇద్దరే మిగిలారు. ఎవరిని చూపాలో తేలక యంత్రం ఒకసారి అతన్ని, ఒకసారి మా పిల్లను చూపసాగింది. అతని ఫోన్‌లోనూ అంతే కదా. బొక్క కంచంలో పెట్టి చూశాడు. ఈమె రెప్ప వేయలేదు.

"మొగని దిక్కు గట్లనా సూసేది? కండ్లు దించుకో బిడ్డా," అన్నారెవరో.

ఆమె దించుకోలేదు. అప్పుడు అతని బొటనవేలు, మసాలా నూనెతో, తెరకు దగ్గరగా వచ్చింది. తర్వాత అక్కడ అతను లేడు.

పెద్దమనుషులు అది చూడలేదు. లేనివాడికి బుద్ధులు చెబుతూనే ఉన్నారు. "నువ్వు ఫికర్ చెయ్యకు కొడుకా. సెలవు దొరికినప్పుడే నిమ్మళంగ రా. గీమె యాడికి పోతది? ఉంటది."

మా పిల్ల స్టూలు జరుపుకుని ఎక్కి, బీరువా వెనక చెయ్యి పెట్టి ప్లగ్గు పీకింది. ధర్మపురి, పెద్దపల్లి ఒక్కసారే ఆరిపోయాయి.

కాసేపటికి పెద్దమనిషి మామూలు ఫోన్ చేశాడు. "ఏమాయె తమ్మీ? తీర్పు సగంలనే ఆగిపాయె. మల్ల షురూ చెయ్యి."

"ఎలుక తీగ కొరికింది పెద్దయ్యా," అన్నాను. అబద్ధాలు నాకు వెతుక్కునే పని లేదు.

మా పిల్ల స్టూలు మీదే నిలబడి తీగను చేతికి చుట్టుకుంటోంది.

"చచ్చిందని గూడ చెప్పు మామా," అంది.