ఎడమవైపు వెనక తలుపు

అద్దం బాబాయి కమీషన్ తిన్నాడని వీధి వీధంతా చెప్పుకుంది. కళ్ల డాక్టరమ్మ దగ్గర ఏడేళ్లుగా డ్రైవరు ఆయన. ఆవిడ కొత్త కారు కొనబోతే, పాత కారుకి విలువ తగ్గించి కట్టమని షోరూము వాళ్లతో కుమ్మక్కయ్యాడట. ఆవిడ కనిపెట్టి, అందరి ముందూ నిలదీసి, తాళాలు లాక్కుందట. ఇస్త్రీ కొట్టులో పుట్టిన మాట పాల డిపో చేరేసరికి కమీషన్ రెండింతలైంది. రుజువు అందరి కళ్లెదుటా ఉంది మరి. రోజూ సాయంత్రం వీధి మొదట్లో ఆగే వెండి రంగు కారు రావడం మానేసింది. ఆయన భోజనం డబ్బా చేత పట్టుకుని బస్సెక్కుతున్నాడు.

కారుని అద్దంలా ఉంచుతాడని ఆయనకా పేరు. డాక్టరమ్మని ఇంటి దగ్గర దింపాక కారు తనతోనే తెచ్చుకునేవాడు. ఇంట్లోకి వెళ్లే ముందు ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ పట్టుకుని అరగంట తుడిచేవాడు. మొదలుపెట్టేది ఎడమవైపు వెనక తలుపుతో. చుట్టూ తిరిగొచ్చి ముగించేదీ ఆ తలుపుతోనే. "పెళ్లయి ఇన్నేళ్లయింది, నా మొహం వంక ఒక్కసారైనా అంత పరీక్షగా చూశావా? ఆ తలుపు నాకు సవతి" అనేది భార్య, గుమ్మంలో నిలబడి. వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు, తలెత్తకుండా.

పనిలో చేరిన నాలుగో నెలలో డాక్టరమ్మ వారం రోజులు ఊళ్లో లేదు. క్లినిక్ కింద సెల్లారులో కారు వెనక్కి తీస్తుంటే భార్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో స్టీరింగు. స్తంభం తగిలి ఆ తలుపు లోపలికి నొక్కుకుపోయింది. తనకంటే ముందున్న డ్రైవర్ని ఆవిడ ఒక చిన్న గీత దగ్గర ఉన్నపళంగా పంపించేసిందని అప్పటికే విని ఉన్నాడు. భయపడ్డాడు. కార్లకి రంగులు వేసే స్నేహితుడి షెడ్డుకి తీసుకెళ్లాడు. వెండి రంగు కలపడం మాటలు కాదు, ఎండలో ఒకలా నీడలో ఒకలా కనబడుతుంది. స్నేహితుడు మూడుసార్లు వేసి, మూడుసార్లు గీకేశాడు. నాలుగోసారి వేసిన రంగులో తేడా కంటికి ఆనలేదు. డాక్టరమ్మ తిరిగొచ్చి ఆ తలుపే తీసుకుని కారెక్కింది. ఆవిడ కూర్చునే వైపు అదే. పొద్దస్తమానం పరాయివాళ్ల కళ్లలోకి లైటు వేసి చూసే మనిషికి ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆ తలుపు మీద అనుమానం రాలేదు.

ఈ ఏడు ఆవిడకి అరవై నిండాయి. ఇన్నాళ్లూ వెనక కూర్చుని రోడ్డుని పక్కనుంచి చూసింది చాలు, ఇక ఎదురుగా చూస్తానంది. తనే నడుపుకోవడానికి ఖరీదైన స్పోర్ట్స్ సెడాన్ ఒకటి ఎంచుకుంది. నేలకి కరుచుకుపోయినట్టుండే కారు. ముదురు నీలం, లోపల లేత గోధుమ రంగు తోలు సీట్లు. ఆర్డరిస్తే ఆరు వారాలకి వస్తుందన్నారు.

షోరూము మేనేజరు కాఫీ తెప్పించి, కొటేషన్ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అతనికే తిప్పి ఇచ్చి చదవమంది. కళ్ల పరీక్షలో అక్షరాలు చదివించినట్టు, పై లైను నుంచి కింది లైను దాకా. పెద్ద అక్షరాలు గడగడా చదివాడు. కిందికొచ్చేకొద్దీ గొంతు సన్నబడింది. హ్యాండ్లింగ్ ఛార్జీలంటే ఎవరు ఎవర్ని మోసినందుకని ఆవిడ అడిగింది. అది కొట్టేశాడు. కాళ్ల కింద మ్యాట్లకి వేరే ధర ఎందుకు, గాల్లో కాళ్లు పెట్టుకుని నడపాలా అంది. అదీ పోయింది. ఇన్సూరెన్సు బయట ఎంతకి వస్తుందో ఫోన్లో చూపించింది. మేనేజరు అదీ తగ్గించాడు. వెనక నిలబడ్డ అద్దం బాబాయికి నవ్వు ఆగలేదు. అంత సంతోషంగా ఆయన ఉండి చాలా రోజులైంది.

చివరికి పాత కారు మిగిలింది. దానికి ఎంత కడితే కొత్తదాని ధరలో అంత తగ్గుతుంది.

పాత కార్లకి విలువ కట్టే అమ్మాయి చేతిలో ఇమిడే మీటరొకటి పట్టుకుని బయటికొచ్చింది. చేరి నెలన్నర, మెడలో కార్డు ఇంకా తాత్కాలికమే. రంగు ఎంత మందంగా ఉందో చెప్పే మీటరు అది. రేకుకి ఆనిస్తే అంకె చూపిస్తుంది. బానెట్ మీద నూట పది. ముందు తలుపు మీద నూట ఇరవై. అలాంటిదొకటి లోకంలో ఉందని అద్దం బాబాయికి ఆ రోజు దాకా తెలియదు. ఎడమవైపు వెనక తలుపు మీద మూడు వందల నలభై. ఆమె తన కొంగు చివరతో తలుపు తుడిచి మళ్లీ పెట్టింది. మూడు వందల నలభై.

ఈ తలుపుకి రిపేరు జరిగిందని, రంగు కింద నొక్కు పూడ్చిన పుట్టీ కూడా ఉందని ఆమె మెల్లగా చెప్పి, విలువ తగ్గించి రాసింది. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. ఏడేళ్లుగా ఈ తలుపు తీసుకునే ఎక్కుతున్నాను, నాకు తెలియకుండా రిపేరెలా జరుగుతుందంది. మీటరు చెబుతోంది మేడమ్ అని తప్ప ఆ అమ్మాయి ఇంకేమీ అనలేకపోయింది. అప్పుడు డాక్టరమ్మ వెనక్కి తిరిగింది.

"నువ్వు చెప్పు. ఇది ఎప్పుడైనా, ఎక్కడైనా తగిలిందా?"



"లేదమ్మా."

ఆ అమ్మాయి ఆయన వంక చూసింది. కోపంగా కాదు. మీటరు వంక చూసినట్టే, ఏ అంకె చూపిస్తుందోనని చూసినట్టు. ఆయన చూపులు నేలకి దించుకున్నాడు.

బేరం చెడిపోతుందని మేనేజరు హడలిపోయాడు. మీటరు పట్టుకోవడం కూడా రాదని ఆ అమ్మాయిని అందరి ముందూ కసిరి, పూర్తి విలువ రాయించాడు. ఈ నెలాఖరు తర్వాత ఈమె ఇక్కడ ఉండదు మేడమ్ అని, మెప్పు కోసం, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. డాక్టరమ్మ సంతకం చేసింది.

తిరిగొస్తుంటే ఆవిడ హుషారుగా ఉంది. "నీ మాట ఉంది కాబట్టే అంత గట్టిగా నిలబడ్డాను" అంది వెనక నుంచి. ఆయన తలూపాడు. ముందున్న అద్దంలో ఆవిడ మొహం కనబడుతోంది. ఆ అద్దాన్ని కాస్త పైకి తిప్పేశాడు.

తర్వాత ఐదు రోజులు అది అలాగే ఉంది. వెనక వచ్చే బండ్లని పక్క అద్దాల్లోనే చూసుకున్నాడు. సాయంత్రాలు తడిగుడ్డ పిండి, తలుపు ముందు నిలబడి, తుడవకుండానే ఇంట్లోకి వచ్చేశాడు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచేవాడు. సవతితో గొడవైందా అని భార్య వేళాకోళం చేసింది. షోరూములో జరిగింది ఆయన చెప్పాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఏడేళ్ల కిందట ఫోను చేసింది తనేనని ఆమెకీ తెలుసు. "ఆ పిల్లకి ఇంట్లో ఎవరెవరు ఉన్నారో" అని మాత్రం అంది, కంచం తీస్తూ.

ఆరో రోజు పొద్దున, క్లినిక్ ఇంకా రెండు మలుపులుందనగా, కారు పక్కకి ఆపాడు. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు వెనక తలుపు తీశాడు. క్లినిక్ వచ్చేసిందేమోనని డాక్టరమ్మ బ్యాగు తీసుకుంది.

"ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదమ్మా. నేను చెప్పాను."

సెల్లారు, స్తంభం, షెడ్డు, అన్నీ చెప్పాడు. ఫోను భార్య చేసిందని మాత్రం చెప్పలేదు. ఆవిడ తలుపు మీద వేలు పెట్టి కిందికి రాసి చూసింది.

"ముందున్న అతన్ని గీత పెట్టినందుకు తీసెయ్యలేదు. పెట్టలేదన్నందుకు తీసేశాను."

ఆయన తాళాలు చాచాడు. ఆవిడ తీసుకోలేదు. ఫోను చేసి ఉదయం అపాయింట్‌మెంట్లన్నీ మధ్యాహ్నానికి జరిపించింది. "షోరూముకి పోనీ" అంది.

మేనేజరు గాజు గదిలో ఆవిడ ఆర్డరు కాగితం మళ్లీ రాయించింది, పాత కారు విలువ తగ్గించి, కొత్తదాని ధర పెంచి. తన జీవితంలో ఇలాంటి బేరం చూడలేదన్నాడు మేనేజరు. డాక్టరమ్మ ఆ అమ్మాయిని పిలిపించి క్షమించమంది. అద్దం బాబాయి చేతులు కట్టుకుని, తల వంచుకుని, తనూ ఆ మాటే అన్నాడు. గాజు బయట కాపలా ఉన్న సెక్యూరిటీ మనిషి మన ఇస్త్రీ కొట్టతని బావమరిది. లోపల ఏం జరిగిందో చూశాడు. వినబడలేదు.

ఆ అమ్మాయి మనసులో ఏముందో మొహంలో తెలియలేదు. "మీ పెయింటరు మంచి పనిమంతుడండి. మీటరు లేకపోతే నేనూ పోల్చలేకపోదును" అంది. చెంప మీద కొట్టినా ఆయనకి అంత తగిలేది కాదు. ఆమె ఉద్యోగం నిలిచింది. కానీ కసిరిన మేనేజరు కసిరినట్టే ఉన్నాడు. పర్మనెంటు చెయ్యడం మాత్రం మరో మూడు నెలలు వెనక్కి జరిపారు.

ఆరు వారాలకి నీలం కారు వచ్చింది. షోరూము వాళ్లు రెండు తాళాలిచ్చారు. డాక్టరమ్మ ఒకటి బ్యాగులో వేసుకుని, రెండోది ఆయన వైపు చాచింది. ఆపరేషన్లున్న రోజుల్లో తనకి నడిపే ఓపిక ఉండదంది. అద్దంలో మీ వంక చూడ్డం నాకింకా రావట్లేదమ్మా అని ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ బలవంతపెట్టలేదు, పొమ్మనీ అనలేదు. ఆ మర్నాటి నుంచి ఆయన క్లినిక్‌లో టోకెన్లు ఇస్తూ, కళ్లలో చుక్కలు వేసుకుని కూర్చున్నవాళ్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తున్నాడు.

రెండో తాళం ఆయన కుర్చీ వెనక గోడకి, మేకుకి వేలాడుతోంది. తగిలించింది డాక్టరమ్మే. ఆయన ఇంతవరకూ దాన్ని ముట్టుకోలేదు.