మూడో స్థితికి నేను పెట్టిన పేరు

తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించిన రోజులవి. తిరుపతిలో పరిశోధక విద్యార్థినిగా చేరి ఏడాది దాటింది. పాలిచ్చే ఆవు పొదుగులోని డీఎన్ఏలో ఏ భాగం పనిచేస్తోందో, ఏది నిద్రపోతోందో గుర్తించడం నా పని. హిడెన్ మార్కోవ్ మోడల్ అనే కంప్యూటర్ లెక్క ఒకటుంది. అది ఒక్కో ముక్కపై కనిపించే రసాయన గుర్తులనూ, పక్క ముక్క తీరునూ చూసి, లోపల కనబడని స్థితిని ఊహిస్తుంది. అయితే స్థితులకు అంకెలే ఇస్తుంది, పేర్లు మనం పెట్టాలి. నేను మూడో స్థితికి ‘పనిచేసేది’ అని పేరు పెట్టేశాను. (ఎందుకంటే ఏం చెప్పను, చూడగానే అలా తోచింది!) దాంతో డీఎన్ఏలో చాలా భాగం తెగ పనిచేస్తున్నట్టు తేలింది. నాకు గైడైన మేడం మర్నాడు పెద్ద శాస్త్రవేత్తల సభలో ఆ స్థితుల పటం చూపించాలి. నేను నేల మీద లేను.

ఆ మధ్యాహ్నం కళ్ల పరీక్షకని పలమనేరు నుంచి వచ్చిన నాయన, ల్యాబ్‌లో నా పక్కన కూర్చున్నాడు. ఆయనకు పాడి ఆవులే జీవనం. గొప్పగా అంతా వివరించాను.

“ఆ పేరు మిషను పెట్టిందా, నువ్వు పెట్టినావా?”

“నేనే నాయనా.”

“పాలు పిండి సూసినాక గదా, ఇది పాడావు, ఇది వట్టిపోయింది అనేది. నువ్వేం సూసి చెప్పినావు పాపా?”

నవ్వబోయి ఆగాను. పాలలోని ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును వెతికాను. పాలిచ్చే పొదుగులో అది పనిచేయకపోతే ఇంకేది పనిచేస్తుంది? నా పటంలో అది హాయిగా నిద్రపోతోంది. మూడో స్థితి నిజానికి నిద్రపోయేదే; నేను పేర్లు తారుమారు చేశాను.

మేడం గదికి వెళ్లి తప్పు సంగతి చెప్పాను. ఆమె పటం తెప్పించుకుని ఆ జన్యువును తానే వెతికి చూశారు. చివరికి, “పోనీలే, ఈ రోజే తెలిసింది. ఎట్ల పట్టుకున్నావు?” అన్నారు.

“నాకే అనుమానం వచ్చింది మేడం.”

తలుపు బయట బల్ల మీద నాయన ఉన్నాడు. ఆ మాట వినే ఉంటాడు. బస్టాండులో మాత్రం, “మేడం తిట్టలేదు గదా, అది సాలు,” అని బస్సెక్కినాడు.

మర్నాడు సరిచేసిన పటం చూపించాక, తప్పు ఎలా దొరికిందని సభలో ఒక పెద్దాయన అడిగారు. మేడం నావైపు చూశారు. లేచి నిలబడ్డాను. రాత్రంతా వల్లెవేసుకున్న ఇంగ్లీషు ఒక్క ముక్కా నోట రాలేదు. “మా నాయన అడిగినాడు సార్. ఆవులు మేపుతాడు,” అనేశాను. సభ ఘొల్లుమంది. మేడం నవ్వలేదు.

ఆ నవ్వులకు చెవులు ఎర్రబడి నిలబడ్డ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్దొస్తుంది. అంతకు ముందురోజు మేడం గదిలో ‘నాకే అనుమానం వచ్చింది’ అంటూ నిలబడ్డ పిల్లను చూసి కూడా నవ్వుదామనే అనుకుంటాను. నాయన నవ్వగలిగేవాడేమో. నాకింకా చేతకాలేదు.