పాలు బయటపెట్టిన వంకర

మొన్న బుకిట్ పంజాంగ్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో కూర్చుని ఉంటే మనవరాలు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో దొర, కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, పాత కారవాన్‌ నేల ఊడదీసి, కింద తుప్పుపట్టిన ఇనుప చట్రాన్ని గీకుతున్నాడు. "అమ్మమ్మా, సో రస్టీ, కెనాట్ సేవ్ లా!" అంది ఆ పిల్ల. ఎందుకు బాగుపడదే, మా నాన్న అంతకంటే అధ్వాన్నమైనదాన్ని బాగుచేశాడు అన్నాను గానీ, రెండుసార్లు చేశాడన్న సంగతి మాత్రం మింగేశాను.

నాన్న లారీల వర్క్‌షాపులో వెల్డరు. మా పెద్దమ్మ ఎక్కడో దూరాన పెరాక్‌లో రబ్బరు తోటలో ఉండేది. వాళ్ళది ఒంటిగది ఇల్లు, మేం ఆరుగురం, వెళితే ఎక్కడ పడుకుంటామని ఏళ్ళ తరబడి వెళ్ళనేలేదు. ఆ బెంగతో అమ్మ చిక్కిపోతుంటే, స్వదేశం పోతూ ఒక దొర వదిలేసిన కారవాన్‌ను నాన్న తెచ్చి, దీపావళికి ఇంటితో సహా మీ అక్క వాకిట్లో దింపుతానని మాటిచ్చాడు. తుప్పు తిన్న కమ్ములు కోసి కొత్తవి అతికాడు, పుచ్చిన చెక్కలు పీకి ప్లైవుడ్ పరిచాడు. అంతా సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూడమని తోటివాళ్ళు చెబితే, నా కన్నుకు మించిన రసమట్టం ఉందా అని మీసం దువ్వాడు.

ప్రయాణం ముందురోజు అమ్మ పేచీ పెట్టింది. చక్రాలున్నా ఇల్లు ఇల్లేనట, పాలు పొంగించనిదే అడుగుపెట్టదట. సరేనని నేల మధ్యలో స్టవ్ పెట్టి, పసుపు రాసిన గిన్నెలో పొంగించింది. మేం చప్పట్లు కొడుతుండగా పొంగిన పాలు తిన్నగా ఎడమ మూలకు పోయి మడుగు కట్టాయి. వాకిలి పల్లంగా ఉందని దబాయించిన నాన్న, నలుగురిని పిలిచి బండిని ఇటునుంచి అటు తిప్పించాడు. అమ్మ ఇంకో గిన్నె పొంగించింది. పాలు మళ్ళీ ఆ మూలకే!

"ఏమండీ, పాలు అబద్ధం ఆడవు కదా!" అంది అమ్మ. అందరం పడిపడి నవ్వాం, నాన్నా నవ్వాడు. వంకర చట్రంతో బండి రోడ్డెక్కదు, ఇక దీపావళికి అక్కను చూడలేనని అమ్మ మాత్రం నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అది చూసి నాన్న, పాలు తాగి ఉబ్బుతున్న కొత్త నేలను తన చేతులతోనే పీకడం మొదలుపెట్టాడు. ఈసారి రసమట్టం అరువు తెచ్చుకున్నాడు.

పండగ వెళ్ళిన పది రోజులకు పెరాక్ చేరాం. తోటంతా నవ్వుతున్నా, పిల్లలు గోల పెడుతున్నా, చెల్లెలు వచ్చిననాడే దీపావళి అని పెద్దమ్మ ఒక్క ప్రమిదైనా వెలిగించకుండా, మతాబులు పెట్టెలో దాచి కూర్చుంది. ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన తరువాతే మాకు మతాబులు దక్కాయి.

ఇప్పుడు పొద్దున్నే బయలుదేరితే భోజనాలవేళకు పెరాక్‌లో ఉంటాం, పడుకోవడానికి హోటల్ గది ముందే సిద్ధం. వెళ్ళలేకపోతే ఫోన్లో ఒక దీపం బొమ్మ పంపితే సరి. సుఖమే, కాదనను. కానీ నేను ఇంకా రాలేదని పండగ ఆపుకుని కూర్చునే మనిషి నాకిప్పుడు ఒక్కరూ లేరు.