రొట్టె తింటేనే తేలే జబ్బు

వీధిలో అందరికీ ఆవిడ బేకరీ అక్కే. ఇరవై రెండేళ్ళుగా తెల్లవారకముందే పిండి కలిపి, చిటికెడు నోట్లో వేసుకుని రుచి చూస్తేగాని పొయ్యి దాకా పోనిచ్చేది కాదు. ఆ కొట్టు నడిచేదే ఆ నాలిక మీద. ఎనిమిదేళ్ళ కిందట ఆవిడకు థైరాయిడ్ జబ్బు బయటపడింది. ఒంటిని కాపాడాల్సిన బలగమే గొంతులోని గ్రంథిని శత్రువనుకుని కొరుక్కుతింటోందట. పొద్దున్నే మాత్ర మింగడం, ఆ సంగతి మరిచిపోవడం, అంతే.

ఈమధ్య నీరసంగా ఉంటోందని వెళితే డాక్టరు రక్తపరీక్షలు ఇంకో నాలుగు రాశాడు. అందులో ఒకటి కాస్త ఎక్కువొచ్చింది.

"గోధుమ మీ పేగుకి పడదని చూపించే యాంటీబాడీలున్నాయమ్మా. గోధుమ మానేయండి. పిండి దుమ్ము కూడా పీల్చకూడదు."

"నాది బేకరీ అండీ!"

"అందుకే చెబుతున్నా."

బేకరీ అక్క పిండి గది ఆడపడుచుకు అప్పగించి, తను ముక్కుకు గుడ్డ కట్టుకుని ముందు బల్ల దగ్గర కూర్చుంది. కొనేవాళ్ళు ఆ గుడ్డ చూసి బన్నుల్ని అనుమానించారు. మూడు నెలలు గోధుమ ముట్టలేదు. నీరసం ఎక్కడికీ పోలేదు సరికదా, ఏడుపు కొత్తగా తోడైంది.

భర్త చూడలేక పేగుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరమ్మ తల పట్టుకుంది.

"అప్పుడే మానేశారా! తింటూ ఉంటేనే కదా పేగు పాడైందో లేదో తెలిసేది? ఆరు వారాలు రోజూ రొట్టె తినండి. తర్వాత నోట్లోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి చూస్తా."

"విషమన్నారు కదండీ?"

"విషమో కాదో తేలాలంటే తినాలమ్మా."

బేకరీ అక్క బయటికొచ్చి, "మీకేమన్నా అర్థమైందా?" అని భర్తనడిగింది.

"నాకెందుకర్థమవుతుంది? నువ్వు తిను."

ఆ మహానుభావుడి సలహాలన్నీ ఇంతే. ఆరు వారాలు చేదుమందులా మింగింది. కడుపు కాస్త గుర్రుమంటే చాలు, ఇక నా పని అయిపోయిందని బెంబేలెత్తిపోయేది.

చివరికి చూస్తే పేగు శుభ్రంగా ఉంది.

"మీలా థైరాయిడ్ జబ్బున్నవాళ్ళలో ఒక్కోసారి ఈ యాంటీబాడీలు ఊరికే కొంచెం కనిపిస్తాయి. హాయిగా తినండి, పని చేసుకోండి. ఏడాదికోసారి చూద్దాం," అంది డాక్టరమ్మ.

"ఏమీ లేకపోతే మళ్ళీ చూడ్డమెందుకండీ?"

"ఎందుకైనా మంచిది."

మర్నాడు ముక్కుకు గుడ్డ లేకుండా పిండి గదిలో అడుగుపెట్టింది. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. ఆడపడుచు వేడి రొట్టె తుంచి చేతిలో పెట్టింది. బేకరీ అక్క నమిలి మింగి, కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

"ఎలా ఉంది వదినా?"

"ఇప్పటికైతే ఏం నొప్పి లేదే."

"కడుపు సంగతి కాదు, రొట్టె సంగతి."

బేకరీ అక్క నోరు చప్పరించి చూసుకుంది. అప్పటికే మింగేసింది.

"రుచి చూసుకోలేదే," అంది.