ఉలమిలా చెయ్యి వదలని ఆక్టోపస్

ఉలమిలాకి తలెత్తి నడవడం రాదు. సిగ్గుండి కాదు, ఆ మనిషికి సిగ్గేమిటి! యాభై ఏళ్లుగా సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా పగడపు దిబ్బ మీద ఆక్టోపస్ కన్నాలు వెతికి వెతికి చూపు నేలకే అతుక్కుపోయింది. ఆక్టోపస్ తిన్న ఎంగిలి గుమ్మంలోనే పారేస్తుంది. ఎక్కడ పీత డిప్పలు కుప్పగా కనిపిస్తే అక్కడ ఇల్లున్నట్టు.

పోయినేడు తుఫానుకి ఆవిడ వంటపాక కొట్టుకుపోయింది. అలలు ఊళ్లోకి వచ్చింది సరిగ్గా దిబ్బ విరిగిన చోటునుంచే. ఊరి సభలో ఉలమిలా లేచింది.

"ఆ దిబ్బ మనకి గోడ, చేపలకి పురిటిల్లు. పురిటింట్లో ఎవరన్నా బూట్లతో తొక్కుతారా? మనం తొక్కాం. ఏడాది పాటు అటు ఎవరూ పోకూడదు."

సరేనని ఆ విరిగిన చోటు చుట్టూ కొబ్బరాకులు కట్టిన గుంజలు పాతారు. గుంజ దాటినవాళ్లు నీళ్లలో పిసికి తాగే యంగోనా మొక్క వేళ్ల కట్ట తెచ్చి, సభలో నేలమీద కూర్చుని తప్పు ఒప్పుకోవాలి. ఆ షరతూ ఆవిడదే.

ఏడు నెలలు గడిచాయి. ఒక పొద్దున గుంజల ఇవతల వెతుకుతుంటే ఒక కుప్ప కనిపించింది, దాని పక్కన ఇంకోటి, ఆపైన ఇంకోటి. "ఎన్నాళ్లకెన్నాళ్లకి!" అనుకుంటూ ఓ కన్నంలో చెయ్యి పెట్టింది. ఆక్టోపస్ మోచేతిదాకా చుట్టేసింది. అప్పుడు తలెత్తింది. గుంజలు ఎక్కడో వెనక ఉన్నాయి.

"వదులమ్మా, నీ ఇంట్లోకి నువ్వు పో," అని చెయ్యి కన్నం దగ్గర నీళ్లలో ముంచి బతిమాలింది. అది వదల్లేదు. సరిగ్గా అప్పుడే పడవలో మేనబావ నేమని వచ్చాడు. ఆవిణ్ణి ఆటపట్టించడం అతనికి పుట్టుకతో వచ్చిన హక్కు.

"ఏం మరదలా, పెళ్లికొడుకు చెయ్యి పట్టుకున్నాడా?"

"నోర్ముయ్ బావా!"

"నేనేం చూళ్లేదులే. నాకసలే కళ్లు మసక."

ఉలమిలా ఒక్క క్షణం ఆశపడింది. మరుక్షణం తల అడ్డంగా ఊపింది. "నువ్వు చూడకపోతే, రేపు నీ కొడుకు దాటినా నేను చూడకూడదు. ఇంక ఆ గుంజలు పొయ్యిలోకే."

చివరికి ఆక్టోపస్ సిరా చిమ్మి కన్నంలో దూరింది. చేతినిండా గుండ్రటి మచ్చలు మిగిల్చింది.

సాయంత్రం ఆవిడ వేళ్ల కట్ట ముందు పెట్టుకుని సభలో నేలమీద కూర్చుంది. గుంజ దాటి రెండడుగులేశానని ఒప్పుకుంది. ఊరిపెద్ద ఇబ్బందిగా కదిలాడు.

"పొరపాటేగా ఉలమిలా, లే."

"పొరపాటుకి మినహాయింపు ఉందని నేను చెప్పలేదు పెద్దయ్యా."

పెద్దయ్య కట్ట మీద చెయ్యి వేసి, తప్పు మాఫీ అన్నాడు. వేళ్లు దంచి, పిసికి, అందరికీ చిప్పల్లో పోశారు. తాగాక ఆయనే మెల్లగా అడిగాడు. "ఇంతకీ అక్కడ ఎలా ఉందమ్మా?"

అంతే, ఆవిడ అవమానం ఎటో పోయింది. "విరిగిన కొమ్మలకి వేలెడు కొత్త చిగుళ్లొచ్చాయి పెద్దయ్యా! సందుల్లో గోరంత నీలం చేపలు, చేత్తో చల్లినట్టు. మొన్నటిదాకా రెండే ఆక్టోపస్ ఇళ్లు, ఇప్పుడు పద్నాలుగు!"

సభంతా ముందుకి వంగి వింటోంది. నేమని మాత్రం చేతివేళ్లు ముడిచి లెక్కపెడుతున్నాడు.

"పద్నాలుగా? గుంజ దాటి రెండడుగులేశానన్నావు. పద్నాలుగు గుమ్మాలు తొక్కొచ్చావన్నమాట!"

సభ గొల్లుమంది. ఉలమిలా లేచి, నేల చూపులు చూసుకుంటూ, ఇంకో కట్ట తేవడానికి ఇంటికి నడిచింది.