విన్నది తిరిగి చెప్పు

మా ఇంట్లో ఎవరు ఏం చెప్పినా విన్నవాళ్ళు దాన్ని తిరిగి చెప్పాలి. "పులుసులో ఉప్పు తగ్గింది" అని నాన్న అంటే, "పులుసులో ఉప్పు తగ్గింది, ఆయ్" అని అమ్మ అనాలి. మా వైపు ఆయ్ అంటే అలాగేనండి అని. అనకపోతే నాన్న అదే మాట మళ్ళీ అంటాడు. అప్పటికీ అనకపోతే ఇంకాస్త గట్టిగా అంటాడు. కొత్తగా వచ్చిన చుట్టాలు మా ఇంట్లో ఎవరికో చెవుడు ఉందనుకుని, వెళ్ళేటప్పుడు డాక్టర్ల పేర్లు చెప్పి వెళ్ళేవారు.

అది చెరువు తెచ్చిన అలవాటు. కొల్లేరు పక్కన ఒక చేపల చెరువు మీద నాన్న పనిచేస్తాడు. పడవ మీద తిరుగుతూ, నీళ్ళలో పాతిన కర్రలకు వేలాడే సంచుల్లో మేత నింపుతాడు. ఏ మూలకు ఎన్ని బస్తాల తవుడు కావాలో పడవలోంచి కేకేస్తే, గట్టు మీదున్న అమ్మ అక్కడికి చేర్చి పెడుతుంది. నీళ్ళ మీద గాలి సగం మాట మింగేస్తుంది. అందుకని అమ్మ విన్నది తిరిగి కేకెయ్యాలి. "రెండు బస్తాలు, పడమటి మూల, ఆయ్!" అని వినపడేదాకా నాన్న పడవ నెట్టే గెడ వెయ్యడు, పడవ కదలదు.

ఈ అలవాటును వెంటబెట్టుకుని నేను ఏలూరులో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరాను. ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. డిగ్రీలో పుస్తకాలు ఇంగ్లీషువి, పాఠం మాత్రం తెలుగులోనే. యంత్రాలంటే నాకు భయం లేదు. ఎనిమిది రంగుల తీగలు వరస తప్పకుండా పెట్టి కేబుల్ చివర క్లిప్పు నొక్కమంటే క్లాసులో అందరికంటే ముందు నొక్కేదాన్ని. నన్ను ముంచేవి మాటలే.

చేపల మేత అమ్మేవాళ్ళు ఇచ్చిన డైరీ ఒకటి ఇంట్లో ఉండేది, అట్ట మీద బొచ్చె చేప బొమ్మతో. దాన్నే నా నిఘంటువు చేసుకున్నాను. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు. రోజుకు పది, బస్సు ఏలూరు చేరేలోపు నోటికి రావాలి. కంజెషన్ అంటే రద్దీ, లేటెన్సీ అంటే ఆలస్యం. ఆ రెండూ బస్సే నేర్పింది. ఎక్నాలెడ్జ్‌మెంట్ దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. అంగీకారం, రసీదు, గుర్తింపు అని మూడు అర్థాలు దొరికాయి. మూడూ రాసుకున్నాను, ఒక్కటీ బుర్రకెక్కలేదు.

దెందులూరు నుంచి బండి మీద వచ్చి పాఠం చెప్పే మా మాస్టారికి బట్టీ అంటే ఒళ్ళు మంట. "మాట నోటికొస్తే చాలదమ్మా, అర్థం తెలియాలి" అనేవారు. నేను ఆ వాక్యాన్ని కూడా తిరిగి చెప్పేదాన్ని.

మొదటి ఇంటర్వ్యూ తాడేపల్లిగూడెంలో, ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసులో. బల్ల అవతల ఇద్దరు. డిఫాల్ట్ గేట్‌వే అంటే ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. "యూ ఆర్ ఆస్కింగ్ మీ, వాట్ ఈజ్ డిఫాల్ట్ గేట్‌వే, సర్" అన్నాను. వాళ్ళు అవునన్నాకే జవాబు చెప్పాను. రెండో ప్రశ్నకూ అంతే, మూడో ప్రశ్నకూ అంతే. నాలుగోసారికి పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి తెలుగులోకి దిగిపోయారు.

"అమ్మా, మా ప్రశ్న మాకు తెలుసండి. మీ జవాబు చెప్పండి చాలు."

జవాబు తెలియక సాగదీస్తున్నానని అనుకున్నారు. నాకేమో అడిగింది తిరిగి చెప్పకుండా జవాబు చెప్పడమంటే, కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి నడిచినట్టు ఉంటుంది. ఆ ఉద్యోగం రాలేదు.

సంగతి విని మాస్టారు తల పట్టుకున్నారు. ఆ మర్నాటి నుంచి నేను ప్రశ్న తిరిగి చెప్పినప్పుడల్లా స్కేలుతో బల్ల మీద కొట్టేవారు. మొదటి వారం ఆ బల్ల తిన్న దెబ్బలు నేను బళ్ళో కూడా తినలేదు. నెల తిరిగేసరికి అలవాటు పోయింది. నాన్నకు చెబితే నొచ్చుకున్నాడు.

"తిరిగి చెప్పకపోతే విన్నావని వాళ్ళకెలా తెలుస్తాది?"

"ఇంటర్వ్యూల్లో అలా చెప్పకూడదు నాన్నా."

"ఇంటర్వ్యూల్లో అలా చెప్పకూడదు, ఆయ్" అని, గెడ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండో ఇంటర్వ్యూ ఫోన్లో. అడిగింది తిరిగి చెప్పకుండా గడగడా జవాబు చెప్పాను. అంత మంచి ఇంగ్లీషు నేను పుట్టి బుద్ధెరిగాక మాట్లాడలేదు. తీరా వాళ్ళు అడిగింది స్విచ్ గురించి, నేను చెప్పింది రౌటర్ గురించి. "మంచిదండి" అని పెట్టేశారు.

అప్పుడు అమ్మ గట్టిగా చెప్పేసింది. ఇంకొక్కటి చూడాలి. అదీ పోతే కైకలూరులో బట్టల కొట్లో చేరాలి, ఈ బస్సుల తిరుగుడు ఇక కట్టిపెట్టాలి. సరేనన్నాను. అన్నాను గానీ డైరీ మూసి చాలాసేపు ఏడ్చాను. కేబుల్ గుచ్చగానే పచ్చ దీపం వెలిగితే నాకు కలిగే సంతోషం, చీరలు మడతపెట్టడంలో రాదని తెలుసు.

మూడోది వీడియో కాల్. ఇంటర్నెట్ రావడం లేదని ఫోన్ చేసేవాళ్ళ గోడు విని, తప్పెక్కడుందో చెప్పే ఉద్యోగం. ఇంట్లో సిగ్నల్ అందదు కాబట్టి చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ వంటకని ఇంటికి వెళ్ళింది. నాన్న నడిచెరువులో ఉన్నాడు. ఆ రోజే గాలి విరుచుకుపడింది. హైదరాబాదు నుంచి అడుగుతున్నావిడ మాటలు సగమే వినపడుతున్నాయి. ఊహించి చెబితే రౌటర్ గతే పడుతుంది. స్కేలు దెబ్బలన్నీ మరిచిపోయి, "మేడమ్, ఐ హర్డ్ లాస్ట్ హాఫ్ ఓన్లీ" అని, విన్న ముక్క తిరిగి చెప్పాను. ఆవిడ మళ్ళీ అడిగారు. పంపిన డేటాకు ఎక్నాలెడ్జ్‌మెంట్ రాకపోతే, పంపినవాడు ఏం చేస్తాడు?

అదే మాట! అంగీకారం, రసీదు, గుర్తింపు మూడూ ఒకేసారి గుమ్మంలోకి తోసుకొచ్చాయి.

"రెండు బస్తాలు, పడమటి మూలకీ!" చెరువులోంచి నాన్న.

అమ్మ గట్టు మీద లేదని ఆయనకు తెలియదు. కాసేపు చూసి మళ్ళీ అన్నాడు, అవే మాటలు. మూడోసారి హైదరాబాదుకు కూడా వినపడేలా అన్నాడు. ఇక తట్టుకోలేక ఫోన్ పక్కకు తిప్పి, "రెండు బస్తాలు, పడమటి మూల, ఆయ్!" అని అరిచాను. నాన్న చల్లగా గెడ వేశాడు.

"హూ ఈజ్ దట్?" అన్నారావిడ.

"మై ఫాదర్, మేడమ్." అనగానే బుర్రలో పచ్చ దీపం వెలిగింది. "హి సెండ్. నో ఆన్సర్. హి వెయిట్. హి సెండ్ అగైన్, సేమ్ మెసేజ్. ఐ ఆన్సర్, హి స్టాప్."

గ్రామరంతా గాలికి పోయింది. ఆవిడ నవ్వి తెలుగులో అడిగారు.

"అడిగింది మీరు ఎప్పుడూ ఇలా తిరిగి చెప్తారా అండీ?"

"మానేశానండి" అన్నాను.

"మానకండి. కస్టమర్ చెప్పింది సగం విని, మిగతా సగం ఊహించేవాళ్ళు మా దగ్గర చాలామంది ఉన్నారు."

ఫోన్ పెట్టేశాక డైరీ తీసి ఆ మాట పక్కనున్న మూడు అర్థాలూ కొట్టేశాను. వాటి కింద "ఆయ్" అని రాసుకున్నాను.

నాలుగు రోజులకు మెయిల్ వచ్చింది. గట్టు మీదికి పరిగెత్తాను. నాన్న నడిచెరువులో, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. "నాన్నా, ఉద్యోగం వచ్చిందీ!" అని కేకేశాను. జవాబు లేదు. మళ్ళీ కేకేశాను. మూడోసారి ఇంకా గట్టిగా అరిచాను. నాలుగోసారికి గొంతు జీరబోయింది. అప్పుడు పడవ మెల్లగా గట్టుకు వచ్చింది.

"వినపడలేదా నాన్నా?"

"మొదటిసారే వినపడిందమ్మా."

"మరి ఆయ్ అనలేదేం?"

తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అంటే ఆపేస్తావు కదా."