ఖాళీ సంచి ఇవ్వనన్న నానమ్మ

నైలాన్ దారం కొస విడిపోకుండా కొవ్వొత్తి మంటకు తగిలిస్తే ఒక ఘాటైన వాసన వస్తుంది. బోరబండలో అమ్మ నడిపే సంచుల షెడ్డులోకి అడుగుపెడితే ముందుగా పలకరించేది ఇప్పటికీ ఆ వాసనే. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం చిన్నప్పటి డిసెంబరు గుర్తొచ్చి నోట్లో నీళ్లూరతాయి.

అమ్మ ఈ పని మొదలుపెట్టిన ఏడాది మా రెండు గదుల ఇంట్లో ముందు గది అమ్మది, వెనక గది నానమ్మది. ముందు గదిలో కుట్టు మిషను టకటకలు, కాళ్లకు అడ్డం పడే రంగురంగుల గుడ్డ ముక్కలు, వాటిని నేనూ చెల్లీ పతంగులకు తోకలుగా కట్టుకోవడాలు. వెనక గదిలో క్రిస్మస్ కోసం నువ్వులూ వామూ కలిపి చుట్టే సకినాలు, కొబ్బరి కూరిన గరిజెలు, అచ్చును నూనెలో ముంచగానే విచ్చుకునే గులాబీ పువ్వులు. ఒకరోజు సకినాలు ఆరబెట్టే పాత చీర చాలక నానమ్మ, అమ్మ తెచ్చుకున్న నైలాన్ గుడ్డ మీద వాటిని చుడితే అవి ఎంతకీ ఆరలేదు, గుడ్డా పాడైంది. ఆ సాయంత్రం దాకా అత్తాకోడళ్లకు మాటల్లేవు.

అంతకుముందు అమ్మ బడి సంచుల కార్ఖానాలో కుట్టేది. హైటెక్ సిటీలో క్యాబ్ నడిపే నాన్న, ఆదివారాలు గుట్టలెక్కే సాఫ్ట్‌వేర్ వాళ్లు సంచుల బరువుకే అలసిపోతున్నారని చెబితే, అమ్మ ఆ పని మానేసి, తేలికైన వీపు సంచులు ఇంట్లోనే కుడదామని గుడారాలకు వాడే పల్చటి నైలాన్ గుడ్డ తెచ్చుకుంది. లోపలి అస్తరు తీసేసింది, ఇనుప బకిల్సు తీసేసింది, భుజాల పట్టీల్లో మాత్రం మెత్తటి స్పాంజి కుట్టింది. సంచుల్లో బియ్యం నింపి మా వీపులకు తగిలించి మేడ మెట్లు ఎక్కించి దించేది. మాకదొక ఆట. అంతకన్నా పెద్ద సంబరం, బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో ఉండడం. నాన్న క్యాబ్‌లో తిరిగే జట్టొకటి ఆదివారం కొత్తగూడ దగ్గరి గుట్ట ఎక్కుతూ ఆ సంచులు వాడి చూస్తామంది. వాళ్లకు నచ్చకపోతే సోమవారం నుంచి అమ్మ మళ్లీ కార్ఖానాకే, మేం మళ్లీ తాళం వేసిన ఇంటికే.

ఆ పొద్దున సంచులను నానమ్మే దగ్గరుండి నాన్న క్యాబ్‌లో పెట్టించింది. చర్చి ముగియగానే అందరం గుట్ట దగ్గరికి చేరాం. జట్టు పెద్ద కూకట్‌పల్లి ఆయన. ఒక సంచి పట్టుకుని లేపబోయి ఆగిపోయాడు.

“తేలికన్నారు కదండీ, ఇదేంటండీ ఇంత బరువుంది?”

అమ్మ గబగబా జిప్పు తీసింది. లోపల సకినాలు, గరిజెలు, ఉడికించిన పల్లీలు, ఒక మామిడికాయ తొక్కు సీసా. అన్ని సంచుల్లోనూ అంతే. అమ్మ ముఖం పాలిపోయింది. నానమ్మ మాత్రం తగ్గలేదు.

“ఖాళీ సంచి ఎట్ల చేతిల పెడ్తవే? పక్కింటోళ్ల గిన్నెనే గట్ల ఇయ్యం గద!”

నిజమే, గుప్పెడు చక్కెరైనా వేయకుండా ఎవరి గిన్నెనూ ఆమె తిరిగిచ్చేది కాదు. ఆయన నవ్వేసి, “సరే మామ్మగారూ, మోసుకెళ్తామండీ” అని సంచి తగిలించుకున్నాడు. వాళ్లు దిగివచ్చేదాకా అమ్మ నానమ్మ వైపు చూడలేదు.

చివరికి తొక్కు కారానికి ముక్కులు చీదుకుంటూ, ఖాళీ సంచులతో దిగారు.

“ఖాళీగా ఉంటే ఏ సంచైనా తేలికేనండీ. ఇంత మోసినా పట్టీ భుజం కొయ్యలేదు చూశారూ, అది గొప్ప! మా అందరికీ ఇవే కుట్టండి” అన్నాడాయన.

అమ్మ నవ్వు ఆపుకుంటూ, “ఇగ నుంచి నన్ను అడిగి పెట్టు అత్తమ్మా” అంది.

“అడిగితె పెట్టనిస్తవా?” అంది నానమ్మ.

ఆ గుట్ట ఇప్పుడు లేదు. దాన్ని పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. గుట్టలెక్కేవాళ్లు కార్లలో ఊరు దాటి పోతున్నారు. నానమ్మ పోయాక మా ఇంటికి సకినాలు కూడా దుకాణం నుంచే వస్తున్నాయి. అమ్మ సంచులు కొరియర్‌లో ఎక్కడెక్కడికో వెళ్తున్నాయి, దూదిలా ఉన్నాయని కొన్నవాళ్లు మెచ్చుకుంటున్నారు. సంతోషమే. కానీ ఖాళీ సంచి ఎట్లా పంపుతారని మమ్మల్ని కసిరే మనిషే ఇంట్లో లేదు.